గన్ ఆగాక పోయించే పెట్రోల్ ఎక్కడికి పోతుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాది పెట్రోల్ కారు. ట్యాంక్ ఫుల్ చేయించినప్పుడల్లా గన్ టక్‌మని ఆగాక కూడా ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పెట్రోల్ పైకి కనిపించేదాకా పోయించుకోవడం నాకు అలవాటు. మాటిమాటికీ బంకుకి వెళ్ళక్కర్లేదని అలా చేస్తాను. ఈ మధ్య రెండుసార్లు ఫుల్ చేయించిన వెంటనే బండి స్టార్ట్ కాకుండా మొరాయించింది. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోలేదు. తర్వాత కూడా కాసేపు కుదుపుతూ నడిచింది. వెనక కూర్చున్న అమ్మ పెట్రోల్ వాసన అని అద్దం దించేసింది. నిన్నటి నుంచి చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది. పైగా ట్యాంక్ 37 లీటర్లని కారు పుస్తకంలో ఉంటే మొన్న 39 పట్టింది. కల్తీ పెట్రోలా? మీటర్లో మోసమా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:
కల్తీ అయితే ఇబ్బంది ఆ ట్యాంక్ అయిపోయేదాకా వెంటాడుతుందండీ. మీకు ఫుల్ చేయించిన కాసేపే వచ్చి పోతోంది. కార్ల రిపేరు పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, నాకు అనుమానం ఆ "ఇంకొంచెం" మీదే.

ట్యాంక్ పైభాగంలో కొంత ఖాళీ కావాలనే వదులుతారు. పెట్రోల్ వేడికి వ్యాకోచిస్తుంది. 40 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 750 మిల్లీలీటర్లు పెరుగుతుంది. భూమిలోపలి ట్యాంక్ నుంచి చల్లగా వచ్చిన పెట్రోల్‌ను నిండా నింపి బండిని ఎండలో నిలిపితే ఆ పెరిగినదానికి చోటెక్కడ?

అదే ఖాళీలోకి ఆవిరి కూడా చేరుతుంది. ఆ ఆవిరిని బయటికి వదలకుండా ఒక గొట్టం ద్వారా చార్‌కోల్ క్యానిస్టర్‌కి పంపుతారు. అది బొగ్గు గుళికలున్న డబ్బా. బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుతుంది, బండి నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని దాన్ని ఇంజిన్‌లోకి పంపుతుంది, అక్కడ మండిపోతుంది. ఆ బొగ్గు ఆవిరి కోసమే ఉంది, ద్రవం కోసం కాదు. గన్ ఆగాక పోయించిన పెట్రోల్ ఆ గొట్టంలోకి ఎక్కితే బొగ్గు తడిసి ముద్దవుతుంది. ఒక్కోసారి గుళికలు చితికి, ఆ పొడి వెళ్ళి వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. వాల్వ్ మూసుకోకపోతే స్టార్ట్ చేసే వేళకే ఇంజిన్‌లోకి అక్కర్లేని పెట్రోల్ ఆవిరి చేరిపోతుంది. మీ బండి మొరాయింపు, కుదుపు, వాసన, లైట్ అన్నీ దీనికి సరిపోతున్నాయి.

మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు ముందు స్కానర్ పెట్టించండి, లోపం ఎక్కడుందో చెప్పే కోడ్ అందులో కనిపిస్తుంది. కోడ్ పీ044 లేదా పీ045తో మొదలైతే ఈ ఆవిరి వ్యవస్థదే. ఒకేసారి క్యానిస్టర్ మార్చడానికి ఒప్పుకోకండి, ముందు పర్జ్ వాల్వ్ చూడమనండి. మామూలుగా ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు అది మూసుకుని ఉండాలి. ఊదితే గాలి దూరిందంటే వాల్వ్ పోయినట్టే. క్యానిస్టర్‌కన్నా చాలా చవక భాగం అది. క్యానిస్టర్ మాత్రం విప్పి చూస్తే బరువుగా ఉండి, లోపల పెట్రోల్ కదులుతుంటే మార్చక తప్పదు.

39 లీటర్ల సంగతికొస్తే, దాన్నిబట్టి మోసమని చెప్పలేం. పుస్తకంలో రాసేది పైన వదిలే ఖాళీని, మూత దగ్గరి గొట్టాన్ని లెక్కలోకి తీసుకోని కొలత. మీరు అవీ నింపారు.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు ట్యాంక్ మూతిదాకా ఉంది. పైపు పెట్టి రెండు లీటర్లు తీసేయనా?

జవాబు:
వద్దు! ముఖ్యంగా నోటితో పైపు పీల్చే పని అసలు చేయకండి. పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. బండి కింద ఎక్కడా పెట్రోల్ కారకుండా, వాసన లేకుండా ఉంటే కొంతదూరం నడపండి, మట్టం అదే దిగుతుంది. కారుతున్నా, ఘాటుగా వాసన వస్తున్నా స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే పిలిపించండి. తలుపులు మూసిన షెడ్‌లో మాత్రం పెట్టకండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. ఎక్కడో దూరాన ఉన్న చిన్న నిప్పురవ్వ చాలు.

మరొకరు:
అన్నా, నాకు దీనికి రివర్స్. సగం కూడా నిండకముందే గన్ ఆగిపోతుంటుంది. అప్పుడు మళ్ళీ నొక్కించొచ్చా?

జవాబు:
నొక్కించొచ్చు తమ్ముడూ, ట్యాంక్ ఖాళీగా ఉందని ముల్లు చూపిస్తోంది కదా. గన్ కొసన చిన్న రంధ్రం ఉంటుంది, పోస్తున్నంతసేపూ అందులోంచి గాలి లాగుతుంటుంది. పెట్రోల్ ఎగదన్ని దాన్ని కప్పగానే గాలి అందక లోపలి పొర గుంజుకుంటుంది, లివర్ విడిపోతుంది. నురగ తగిలినా, చిందు తగిలినా అదే జరుగుతుంది. గన్‌ను కొంచెం తిప్పి, వేగం తగ్గించి పోయమను. ఏ బంకులో అయినా ఇలాగే ఆగుతుంటే మాత్రం ట్యాంక్‌లోని గాలి బయటికి పోయే దారి మూసుకుపోయిందేమో చూపించు. దానికీ చాలాసార్లు ఆ తడిసిన క్యానిస్టరే కారణమవుతుంది.

ఇంకొకరు:
మాది డీజిల్ బండి, మాకు ఈ గొడవ లేదుగా? ఎండాకాలం ఫుల్ ట్యాంక్ చేస్తే పేలుతుందని కూడా అంటున్నారు.

జవాబు:
డీజిల్ కార్లలో మామూలుగా ఈ బొగ్గు డబ్బా ఉండదు. కానీ డీజిల్‌కి నురగ ఎక్కువ, అణిగాక ఇంకొంచెం పడుతుందని పోయిస్తారు, అది పొంగి కింద పడుతుంది. పెట్రోల్‌లా త్వరగా ఆరిపోదు, నేల జారుడుగా ఉంటుంది, టూవీలర్ వాళ్ళు పడిపోతారు. పేలడం మాట నమ్మకండి. గన్ మొదటిసారి ఆగేదాకా ఏ కాలంలోనైనా నింపుకోవచ్చు, ఎండకు చోటు అక్కడే వదిలేసి ఉంటుంది.

అడిగినవారు:
ఇవాళ చూపించానండీ. కోడ్ పీ0441. ఊదితే వాల్వ్‌లోంచి గాలి దూరుతోంది, క్యానిస్టర్ పొడిగానే ఉందట. వాల్వ్ ఒక్కటే మార్చారు, లైట్ పోయింది. ఫుల్ చేయించాక ఎలా స్టార్ట్ అవుతుందో చూసి మళ్ళీ రాస్తాను. ఈసారి మొదటి టక్ దగ్గరే ఆపిస్తాను.