డ్రెస్డెన్ ఫ్రావెన్‌కిర్షే: మళ్లీ కట్టడం సరైనదేనా, శిథిలంగానే ఉంచాల్సిందా?

నెమలికన్ను: జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లిన మనవాళ్లంతా "ఎంత పాత చర్చో" అంటూ ఫ్రావెన్‌కిర్షే ఫొటోలు పెడుతుంటారు. పాతది ఎక్కడుందండీ? గేయోర్గ్ బేర్ నమూనాతో 1743కి పూర్తయిన చర్చి, బాంబుల మంటలకు రాళ్లు కాగిపోయి 1945 ఫిబ్రవరి 15న కుప్పకూలింది. ఇప్పుడున్నది 2005లో తెరిచింది. మధ్యలో నలభై ఏళ్లకు పైగా ఆ రాళ్లగుట్టే యుద్ధానికి గుర్తుగా ఉంది, తూర్పు జర్మనీ కుర్రాళ్లు 1982 నుంచి ప్రభుత్వానికి ఇష్టం లేకపోయినా అక్కడ కొవ్వొత్తులు వెలిగించారు. దాన్ని తీసేయడం తప్పే. బెర్లిన్‌లో కైజర్ విల్‌హెల్మ్ చర్చి విరిగిన గోపురాన్ని అలాగే ఉంచి, పక్కన కొత్తది కట్టుకోలేదా?

ఎల్బే గట్టు: తీసేశారు అనకండి అన్నా, ఆ రాళ్లు గోడలోనే ఉన్నాయి. దగ్గరికెళ్తే తెలిసిపోతుంది, నల్లవి పాతవి, లేత పసుపువి కొత్తవి. నలుపంటే మంటల మసి అనుకుంటారు గానీ, అక్కడి ఇసుకరాయిలో ఇనుము ఉంటుంది, ఎండకీ వానకీ ఏళ్ల తరబడి అదే నల్లబడుతుంది, కొత్తవీ రేపు అంతే. 1993లో గుట్టను ఒక్కో రాయిగా విప్పి, నంబరేసి, ఎక్కడ పడిందో చూసి పైన ఏ చోటుదో కంప్యూటర్లో లెక్కగట్టారు.

తుంగభద్ర: శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్ తెచ్చారు కదా. దాన్ని నకిలీ గుడి అంటామా?

నెమలికన్ను: దానికీ దీనికీ పోలికేంటండీ. అక్కడ నిలబడి ఉన్న గుడిని విప్పి ఇంకోచోట అమర్చారు. ఇక్కడ సగానికి పైగా కొత్త రాయే. పైగా కొత్తవీ నల్లబడతాయని ఎల్బే గట్టు గారే అంటున్నారు, అప్పుడిక ఏది పాతదో ఏది కొత్తదో ఎవరికి తెలుస్తుంది?

ఎల్బే గట్టు: శిథిలాల్లో దొరికిన పాత శిలువ, వంకరపోయింది వంకరపోయినట్టే లోపల పెట్టారు. పైనున్న కొత్త శిలువ చేసింది లండన్ కంసాలి అలన్ స్మిత్, ఆయన తండ్రి ఆ ఊరి మీద బాంబులేసిన పైలట్లలో ఒకడు. మర్చిపోదామనుకున్నవాళ్లు ఇలా చేస్తారా? ఖర్చయిన సుమారు 18 కోట్ల యూరోల్లో సగానికి పైగా విరాళాలే, ఎవరి నెత్తినా రుద్దింది కాదు.

పాతబస్తీ: చర్చితో నాకు పేచీ లేదు. చుట్టూ పాత తీరులో మళ్లీ కట్టిన నోయ్‌మార్క్ట్ కూడలి చూస్తేనే ఒళ్లు మండుతుంది. ముందు బరోక్ (ఆ చర్చి కాలం నాటి ఆడంబర శైలి) ముఖం, వెనక కాంక్రీటు, కింద కార్ల పార్కింగ్! ఇంతా చేసి, నిజంగా పాతదైన ఎల్బే నది లోయకు 2004లో వచ్చిన యునెస్కో ప్రపంచ వారసత్వ హోదాని వంతెన కోసం 2009లో పోగొట్టుకున్నారు. ఆ వంతెనకు ఓటేసింది కూడా ఊరి జనమే.

నెమలికన్ను: నోయ్‌మార్క్ట్ విషయంలో మీ మాటే నా మాట. చర్చి విషయంలో మాత్రం తగ్గను. ఆ శిలువ సంగతి లోపలికెళ్లి చదివితే గానీ తెలియదు, రాళ్లగుట్ట అయితే ట్రామ్ కోసం పరిగెత్తేవాడికి కూడా తెలిసేది.