హై లిఫ్ట్ క్యామ్ వేసిన జిప్సీలో వాల్వ్ స్ప్రింగు విరిగింది. నిదానంగా నడిపినా ఎందుకు?

ప్రశ్న (హనుమకొండ)

నా దగ్గర కార్బురేటర్ ఉన్న పాత జిప్సీ ఉంది: 1298 సీసీ, ఎనిమిది వాల్వుల ఇంజన్. రోజూ దానిమీదే జనగామ వెళ్లి వస్తాను. గత ఏడాది హెడ్ దించినప్పుడు, పాత క్యామ్‌షాఫ్టునే (వాల్వులను తెరిచే కడ్డీ) గ్రైండింగ్ చేయించి లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే ఎత్తు) పెంచుకున్నాను. స్ప్రింగులు బాగానే ఉన్నాయని మెకానిక్ పాతవే మళ్లీ బిగించాడు. సుమారు 7,000 కిలోమీటర్లు తిరిగాక, స్టేషన్ ఘన్‌పూర్ దాటుతుండగా ఒక సిలిండర్ మిస్ కొట్టడం మొదలైంది. రాకర్ కవర్ విప్పి చూస్తే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ స్ప్రింగు కింది నుంచి రెండో చుట్టు దగ్గర విరిగి, ఆ రెండు ముక్కలూ మరలాగా ఒకదానిలోకి ఒకటి దిగి ఉన్నాయి. వాల్వు మాత్రం లోపలికి జారిపోలేదు.

నేను ఎప్పుడూ 3,000 ఆర్‌పీఎం దాటించను. హై లిఫ్ట్ క్యామ్ రేసులకు వాడేవారి స్ప్రింగులనే తింటుందని విన్నాను. నెమ్మదిగా నడిపేవాడి స్ప్రింగు ఎందుకు విరగాలి? ఈసారి గట్టి స్ప్రింగులు వేయించడమే దారా?

జవాబు (కరీంనగర్, ఇంజన్ హెడ్ పని చేసేవాడిని)

అన్నగారూ, మీరు వేగం గురించే ఆలోచిస్తున్నారు. కానీ స్ప్రింగు ఎంత దూరం నొక్కుకుంటుందన్నది క్యామ్ ఆకారం చేతిలో ఉంటుంది, యాక్సిలరేటర్ చేతిలో కాదు. హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఇంజన్ ఊరికే తిరుగుతున్నా వాల్వు పూర్తి లిఫ్ట్ వరకూ తెరుచుకుంటుంది. అంటే, పెంచిన లిఫ్ట్ భారం క్యామ్ తిరిగిన ప్రతిసారీ స్ప్రింగు మీద పడుతూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ లెక్క చూడండి. వాల్వు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు ఒత్తిడి 25 కిలోలు, ప్రతి మిల్లీమీటరుకూ 3 కిలోలు పెరుగుతుంది అనుకుందాం. 8 మిల్లీమీటర్ల లిఫ్ట్‌లో అది 49 కిలోలకు, 10 మిల్లీమీటర్లలో 55 కిలోలకు చేరుతుంది. చివరి అంకె చూస్తే పెద్ద తేడా కనిపించదు. కానీ ఇనుము అలసిపోవడానికి ముఖ్యమైనది ఒత్తిడి ఎంత ఊగుతోందన్నది. ఆ ఊపు 24 కిలోల నుంచి 30 కిలోలకు, అంటే నాలుగో వంతు పెరిగింది. క్యామ్ క్రాంక్‌కు సగం వేగంతో తిరుగుతుంది కనుక, సగటున 2,500 ఆర్‌పీఎం దగ్గర గంటకు 75,000 సార్లు ఇది జరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల సగటున మీ 7,000 కిలోమీటర్లకు 175 గంటలు; అంటే 1.31 కోట్ల సార్లు.

ఇంత చెప్పినా, కేవలం లిఫ్ట్ వల్లనే ఇంత త్వరగా విరిగిందని నేను నమ్మను. మొదట, గ్రైండింగ్ చేసినవారు చెప్పిన లిఫ్ట్ క్యామ్ మీదిదా, వాల్వు దగ్గరిదా అని అడగండి. రాకర్ (క్యామ్ కదలికను వాల్వుకు అందించే మీట) నిష్పత్తి 1.5 అయితే క్యామ్ మీద ఒక మిల్లీమీటరు పెంపు వాల్వు దగ్గర ఒకటిన్నర అవుతుంది. మన వైపు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. రెండోది, క్యామ్ ముక్కు రాకర్ మీద పూర్తిగా ఎక్కినప్పుడు విరగని పక్క వాల్వు స్ప్రింగు చుట్ల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) పెట్టి చూడండి. అన్ని సందులూ కలిపి కనీసం ఒక మిల్లీమీటరు, వీలైతే ఒకటిన్నర మిగలాలి. పరుగులో ఉన్న స్ప్రింగు చుట్లు తమంతట తాము కూడా ఊగుతాయి కనుక, నిలిపి చూసినప్పుడు కనిపించే సన్నని సందు నడిచేటప్పుడు ఉండకపోవచ్చు, చుట్లు ఒకదాన్నొకటి తాకవచ్చు.

జవాబు (మంచిర్యాల)

గట్టి స్ప్రింగుల జోలికి వెంటనే పోవద్దు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే క్యామ్ ముక్కు మీద స్ప్రింగు బరువు పూర్తిగా పడుతుంది; వేగంలో వాల్వు జడత్వం ఆ బరువును కొంత తీసేస్తుంది. మీది ఎక్కువ ఐడ్లింగు, తక్కువ ఆర్‌పీఎం వాడకం. అవసరానికి మించిన స్ప్రింగు వేస్తే అది నిలుస్తుందేమో గాని, క్యామ్ ముక్కూ రాకర్ ముఖమూ అరుగుతాయి. గ్రైండింగ్ చేసిన క్యామ్ పైపొర ఇప్పటికే పలచబడి ఉంటుందన్నది కూడా మరిచిపోవద్దు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే మూడో సిలిండర్ పక్కన ఉన్న రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర చూశాను. 0.15 మిల్లీమీటరు రేకు సందుల్లోకి దూరింది, 0.20 రేకు దూరలేదు. ఐదు సందులు, అంటే మొత్తం 0.75. స్ప్రింగు తీస్తే దాని కింద ఒక మిల్లీమీటరు మందం వాషరు ఉంది! పాత స్ప్రింగు బిగువు తగ్గిందని నాకు చెప్పకుండా అన్నిటికీ వేసినట్టున్నారు.

జవాబు (కరీంనగర్)

దొంగ దొరికాడు. పెరిగిన లిఫ్ట్ ఒక వైపు నుంచి, వాషరు మరో వైపు నుంచి స్ప్రింగును నొక్కాయి. వాషరు తీస్తే సందు 1.75కు వస్తుంది, నా ఉదాహరణ స్ప్రింగు అయితే వాల్వు మూసి ఉన్నప్పటి ఒత్తిడి 3 కిలోలు తగ్గుతుంది, మీరు నడిపే వేగానికి అది చాలు. అయితే ఆ ఏడు స్ప్రింగులను మళ్లీ వాడవద్దు. పగులు మొదలైందో లేదో పైకి కనిపించదు. ఎనిమిదీ కొత్తవి వేసి, ఒక్కొక్కదాన్నీ బిగించే ఎత్తుకు నొక్కి ఒత్తిడి రాసుకోండి. రిటైనర్ (స్ప్రింగు పైన కూర్చునే పళ్లెం) అడుగు వాల్వు సీలును తాకకుండా ఉందో లేదో కూడా పూర్తి లిఫ్ట్ దగ్గర చూడండి. బిగించేటప్పుడు పకారుతో చుట్టును పట్టుకోవద్దు. చిన్న గాటు చాలు, పగులు అక్కడి నుంచే నడుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

విరిగిన ముక్కను ఎండలో పట్టి చూశాను. విరుపు అంచులో, చుట్టు లోపలి వైపు, ఆవగింజంత చోటు నున్నగా మెరుస్తోంది. మిగతా భాగమంతా గరుకుగా ఉంది. లోపలి వైపే ఒత్తిడి ఎక్కువ పడుతుందని ఎక్కడో చదివాను, అది నిజమేనని ఇప్పుడు అనిపిస్తోంది. పకారు గాటు ఏదీ కనిపించలేదు. ఆదివారం ఎనిమిది స్ప్రింగులూ మార్చి, వాషర్లు తీసేస్తున్నాను.