కవిషిగ్సయుర్ మెన్: "కలవాలనుంది" అనడానికి ఒక్క క్రియ

వారం రోజులుగా ఒక పాత ఉయ్గుర్ (మధ్య ఆసియాలో ఒకప్పటి తుర్కీ భాష) పద్యం నోట్లో నానుతోంది. చదివి చూడండి:

కసించిగిమిన్ ఒయు కద్గురర్ మెన్
కద్గుర్దుక్చా
కషి కొర్త్లెమ్
కవిషిగ్సయుర్ మెన్

నా తెలుగు:

నా చెలిని తలుచుకుని దిగులుపడుతున్నాను
దిగులుపడే కొద్దీ
కనుబొమల చక్కదనమా
కలవాలనిపిస్తోంది

కవి పేరు అప్రిన్‌చోర్ తిగిన్. తిగిన్ అంటే రాజకుమారుడు. ఇప్పటి వాయవ్య చైనాలోని తుర్ఫాన్ ప్రాంతంలో 1902-1914 మధ్య జర్మన్లు తవ్వి బెర్లిన్‌కి తీసుకెళ్ళిన చిరుగు కాగితాల్లో దొరికిందిది. మానీ అనే ప్రవక్త పెట్టిన, వెలుగు-చీకట్ల పోరుని నమ్మే మతం పాటించిన ఉయ్గుర్లది.

అనువాదంలో నేను పడ్డ కష్టం పెద్దగా లేదు, అదే ఆశ్చర్యం. మొదటి పాదంలో మాటల వరుస కూడా మార్చలేదు. ఒయు: తలుచుకుని. కద్గురర్ మెన్: దిగులుపడుతున్నాను. "మెన్" అంటే "నేను", మన "న్నాను"లాగే క్రియ చివర వచ్చి కూర్చుంది. "దుక్చా" మన "కొద్దీ". ఇంగ్లీషులోకైతే ఈ వాక్యాన్ని తలకిందులు చెయ్యాలి.

చిక్కల్లా చివరి మాటతోనే. కవిష్ అంటే కలుసుకోవడం. దానికి "ఇగ్స" తగిలిస్తే కలుసుకోవాలన్న కోరిక. సంస్కృతంలో పిపాస, జిజ్ఞాస, ముముక్షువు ఉన్నాయి కదా, ఆ పనే. మనం మాత్రం "కలవాలని ఉంది", "కలవాలనిపిస్తోంది" అని రెండు క్రియలు కలపాలి. ఈ కవికి అదో సరదా అనుకుంటాను, ఇదే పద్యంలో "ఒప్" (ముద్దు పెట్టు)ని కూడా "ఒపుగ్సె" చేసేశాడు!

టర్కిష్ సీరియళ్ళు చూసేవాళ్ళు "కవుష్మక్" విని ఉంటారు. ఆ కవిషే ఇది.

కామెంట్: నాలుగు పాదాలకీ మొదట "క". యతా, ప్రాసా?

రెండూ కాదండీ. మన ప్రాస రెండో అక్షరం మీద నడుస్తుంది, యతి పాదం లోపలే తేలిపోతుంది. వీళ్ళు పాదం మొదటి అక్షరాన్నే పాదం పాదానికీ కలుపుతారు. బౌద్ధ ఉయ్గుర్ పద్యాల్లోనూ ఇదే పద్ధతి. ముందుకెళ్తే "య"తో ఒక చరణం: వెలుగు దేవతలు కరుణించాలి, నా మెత్తనిదానితో కలిసి ఇక విడిపోకూడదు. తర్వాత "కు" మీద ఇంకోటి: బలమైన దేవదూతలు బలమివ్వాలి, నా నల్లకళ్ళదానితో నవ్వుకుంటూ కూర్చోవాలి. ఇందులో ఒక పాదం "కొ"తో మొదలవుతుంది. తప్పు కాదు, ఉయ్గుర్ లిపిలో ఆ రెండు అచ్చులకీ గుర్తు ఒకటే. కంటికి కలిసింది కాబట్టి సరిపోయింది.

కామెంట్: "చెలి" అని మీకెలా తెలిసింది?

తెలీదు, దొరికిపోయాను. ఆ భాషలో లింగభేదం లేదు. "నా మెత్తనిది", "నల్లకళ్ళది" కూడా నేను పెట్టిన ఆడవేషమే. దేవుడి మీద ప్రేమగా చదివేవాళ్ళూ ఉన్నారు. ఇదే కవి మానీని పొగిడిన పద్యంలో "మా దేవుడి మంచితనాన్ని రద్ని అంటారు" అన్నాడు. రద్ని మన రత్నమే.

కామెంట్: ఈ ఆది ప్రాస తర్వాత ఏమైంది?

ఇస్లాం వచ్చాక పాదం చివరి ప్రాస పైచేయి అయింది. 1069-70లో యూసుఫ్ ఖాస్ హాజిబ్ అనే కవి కాష్గర్ నగరంలో ముగించిన "కుతద్గు బిలిగ్" కావ్యం దాదాపు మొత్తం ద్విపదలే, ఆరువేల పైచిలుకు. ఛందస్సు ముతకారిబ్ అనే అరబ్బీ నడక, వాళ్ళ గణాల పేర్లలో చెప్తే: ఫఊలున్ ఫఊలున్ ఫఊలున్ ఫఅల్. గురులఘువులు వేసి చూడండి, మన గణాల్లో య య య వ (య అంటే లఘువు, రెండు గురువులు; వ అంటే లఘువు, గురువు). నాలుగు య గణాల భుజంగప్రయాత వృత్తంలో చివరి గురువు రాలిపోయినట్టు! ఎవరైనా తెలుగులో ఓ రెండు పాదాలు ఈ నడకలో రాసి పెట్టరూ? నేను మొదలుపెట్టాను కానీ మూడో గణం దగ్గరే పడిపోతున్నాను.