ఫాల్కర్క్ కాలువ గట్టున ఆ ఇటుక పొగగొట్టం కథ ఏమిటి?

కాలువగట్టు:
మొన్న శనివారం అమ్మానాన్నలను స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్ చక్రం చూపించడానికి తీసుకువెళ్లాను. పడవలను 24 మీటర్లు పైకెత్తే యంత్రం కదా, అమ్మ మురిసిపోయింది. నాన్నగారు మాత్రం ఫోర్త్–క్లైడ్ కాలువ పక్కన ఒక ఎత్తయిన ఇటుక పొగగొట్టం దగ్గర నిలబడిపోయారు. చక్కెర కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి, పొగగొట్టం కనిపిస్తే కదలరు. అది రోజ్‌బ్యాంక్ అనే విస్కీ డిస్టిలరీ అనీ, ముప్పై ఏళ్లు మూతపడి ఉందనీ తెలిసింది. ఎందుకు మూశారు? సరుకు బాగా ఉండేది కాదా?

ఎడిన్‌బరో_పాతకాపు:
బాగా ఉండకపోవడమా! లోలాండ్ (స్కాట్లాండ్ దక్షిణ ప్రాంతం) విస్కీల్లో దానిదే పైచేయి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1840లో జేమ్స్ రాంకిన్ మొదలుపెట్టాడు. స్కాట్లాండ్‌లో చాలాచోట్ల రెండుసార్లు బట్టీలో మరిగించి ఆవిరి పడితే, ఇక్కడ మూడుసార్లు. ఆ ఆవిరిని చల్లార్చడానికి నీటి తొట్టిలో చుట్టలు చుట్టిన రాగి గొట్టం. మూడోసారి పట్టడంతో సారం తేలికవుతుంది, ఆ చుట్టగొట్టం మళ్లీ కాస్త చిక్కదనం తెస్తుంది. ఈ రెండూ ఒకే చోట కలవడమే దాని ప్రత్యేకత.

1970లలో అందరూ ఎడాపెడా తయారు చేసి పీపాలు నింపేశారు. అమ్మకాలు తగ్గాక 1983లో యాజమాన్యం ఒకేసారి తన డిస్టిలరీల్లో చాలావాటికి తాళం వేసింది. పోర్ట్ ఎలెన్, బ్రోరా, లిన్‌లిత్‌గో ఊళ్లోని సెయింట్ మాగ్డలిన్ అన్నీ అప్పుడు పోయినవే. రోజ్‌బ్యాంక్ ఆ దెబ్బ తప్పించుకుంది. 1988లో ప్రాంతానికొక విస్కీని ఎంచి ప్రచారం చేయాలనుకున్నప్పుడు మాత్రం లోలాండ్ తరఫున గ్లెన్‌కించీ అనే మరో డిస్టిలరీని తీసుకున్నారు. సందర్శకులు రావడానికి అదే అనువైన చోటు. ఇక్కడేమో రద్దీ రోడ్డు ఒకవైపు, కాలువ ఒకవైపు. పైగా వ్యర్థజలాల శుద్ధికి సుమారు 20 లక్షల పౌండ్లు పెట్టాలన్నారు. 1993 జూన్ 30న మూసేశారు.

కాలువగట్టు:
ఇది చదివి వినిపిస్తే నాన్నగారు, "రుచి బాగుంటే సరిపోతుందా, మురుగు ఎటు పోవాలో తేలాలి కదా" అన్నారు. వాళ్ల ఫ్యాక్టరీలో మొలాసిస్ (చెరకు మడ్డి) బట్టీ మీద ఏళ్ల తరబడి నడిచిన గొడవ అదేనట.

రైలుకిటికీ:
సెయింట్ మాగ్డలిన్ పేరెత్తారు కనుక చెబుతున్నాను. ఎడిన్‌బరో–గ్లాస్గో రైల్లో నాలుగేళ్లు తిరిగాను. లిన్‌లిత్‌గోలో పట్టాల పక్కనే గోపురంలాంటి కప్పున్న భవనం కనిపిస్తుంది, చూసిన ప్రతిసారీ అదేదో చర్చి అనుకునేదాన్ని. బార్లీ ఆరబెట్టే కొలిమి కప్పు అని తరువాత తెలిసింది. ఇప్పుడందులో అపార్టుమెంట్లు. 1914లో ఐదు లోలాండ్ డిస్టిలరీలు కలిసి ఒక కంపెనీగా ఏర్పడినప్పుడు ఇదీ రోజ్‌బ్యాంకూ అందులో ఉన్నాయి. ఒకటి ఇళ్లయింది, ఒకటి మళ్లీ బతికింది.

కంచరివారబ్బాయి:
మళ్లీ బతికింది అంటే ఏది బతికినట్టు? 2008 క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవుల్లో దొంగలు పడి రాగి బట్టీలనే ఎత్తుకుపోయారుగా. రాగి ధర కోసం! అది చదివినప్పుడు నాకు మా తాతగారి కొట్టు గుర్తొచ్చింది. ఎవరో కళాయికి ఇచ్చిన కాగు పోతే ఆయన వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఎడిన్‌బరో_పాతకాపు:
2017లో ఇయాన్ మెక్లౌడ్ సంస్థ కొని, పాత నమూనా చిత్రాల ప్రకారం మూడు బట్టీలూ కొత్తగా చేయించింది. చుట్టగొట్టాలూ పెట్టారు. 2023 జులైలో మొదటి పీపా నిండింది, 2024లో సందర్శకులను రానిచ్చారు. అయినా నా మటుకు ఇది పేరు పెట్టుకున్న మనవడే, తాత కాదు.

కంచరివారబ్బాయి:
అక్కడ మీతో ఏకీభవించను. రాగి అరుగుతుందండీ. ఆవిరి తగిలి తగిలి రేకు పలచబడుతుంది, దొంగలు రాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు. వంపు, మెడ పొడవు పాతవే అయితే మా లెక్కలో అది అదే పాత్ర. పోయింది పాత్ర కాదు, ముప్పై ఏళ్లు దాని పక్కన నిలబడాల్సిన మనుషులు.

రైలుకిటికీ:
మీ ఇద్దరి వాదనా తేలాలంటే రుచి చూడాలి. మూడేళ్లయినా పీపాలో ఉండనిదే దాన్ని స్కాచ్ అనకూడదు, మంచి వయసుకు రావడానికి ఇంకా చాలా పడుతుంది.

కాలువగట్టు:
నాన్నగారు తాగరు. కానీ వచ్చే శనివారం లోపలికి వెళ్లి చూడాలంటున్నారు, ముఖ్యంగా ఆ మురుగు ఇప్పుడు ఎటు పోతోందో అడగాలట. కామెలన్ స్టేషన్‌లో దిగితే నడిచే దూరమేనా?