ఫ్యామిలీ మెడిసిన్ ఎలెక్టివ్‌కి అమెరికా వెళ్ళాలా, మన పీహెచ్‌సీలోనే చేయాలా?

కొబ్బరితోట (ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్)
అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అమెరికాలో డాక్టరు లైసెన్సు కోసం రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షల్లో మొదటిది, స్టెప్ 1, పాసయ్యాను. అమెరికాలో ఒక యూనివర్సిటీ ఫ్యామిలీ మెడిసిన్ విభాగం విదేశీ విద్యార్థుల్ని చదువులో భాగంగా మనమే ఎంచుకుని చేసే నాలుగు వారాల క్లినికల్ ఎలెక్టివ్‌కి తీసుకుంటోంది. దరఖాస్తు పెట్టాలా వద్దా అని ఇంట్లో రోజూ చర్చే. నాన్న అర ఎకరం కొబ్బరితోట తాకట్టు పెడతానంటున్నారు. మావయ్యేమో "ఆ నాలుగు వారాలు గోదావరి మధ్య ఏ లంక ఊళ్ళోనో పీహెచ్‌సీలో కూర్చో, అంతకంటే ఎక్కువ రోగాలు చూస్తావు" అంటున్నాడు. నాకు ఫ్యామిలీ ఫిజీషియన్ కావాలని నిజంగానే ఉంది, వేరే సీటు రాదేమోనని ఎంచుకున్న దారి కాదిది. అక్కడికి వెళ్తే వైద్యం నేర్చుకుంటామా, ఒక సిఫారసు ఉత్తరం కోసమే వెళ్తామా? వెళ్ళినవాళ్ళు, వెళ్ళనివాళ్ళు ఇద్దరూ చెప్పండి.

భీమవరం అబ్బాయి (అమెరికాలో ఫ్యామిలీ ఫిజీషియన్)
వెళ్ళమ్మా. కారణాలు చెబుతాను.

మొదటిది, ఈ తలుపు నువ్వు స్టూడెంట్‌గా ఉన్నంతవరకే తెరిచి ఉంటుంది. డిగ్రీ చేతికొచ్చాక దొరికేది ఎక్కువగా అబ్జర్వర్‌షిప్పే. అంటే పక్కన నిలబడి చూడడం, పేషెంటు మీద చెయ్యి వేయకూడదు. ఎలెక్టివ్‌లో అలా కాదు. గదిలోకి ముందు నువ్వు వెళ్తావు. హిస్టరీ తీసుకుంటావు, పరీక్ష చేస్తావు, బయటికొచ్చి అటెండింగ్‌కి, అంటే నీకు నేర్పే సీనియర్ డాక్టరుకి, కేసు చెబుతావు, నోట్ రాస్తావు. ఆయన నీతోపాటు మళ్ళీ లోపలికొచ్చి నువ్వు వదిలేసింది ఏమిటో చూపిస్తాడు. నీ పని కళ్ళారా చూసిన మనిషి రాసే ఉత్తరానికి అందుకే విలువ. 2022 జనవరి నుంచి స్టెప్ 1కి మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఇస్తున్నారు కాబట్టి ఆ ఉత్తరం బరువు ఇంకా పెరిగింది.

రెండోది సీట్ల సంగతి. డిగ్రీ తర్వాత ఆస్పత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణని ఇక్కడ రెసిడెన్సీ అంటారు, ఆ సీట్లు ఏటా మ్యాచ్ అనే పద్ధతిలో పంచుతారు. 2024 మ్యాచ్‌లో ఫ్యామిలీ మెడిసిన్‌కి 5,231 సీట్లు పెడితే 636 మిగిలిపోయాయి. దీన్ని చూసి "ఎవరికైనా వచ్చేస్తుంది" అనుకోవద్దు. అక్కడి క్లినిక్ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్ళకే ఇంటర్వ్యూలు వస్తాయి.

ఇక నేర్చుకోవడం. మోకాలి నొప్పి అని ఒకావిడ వస్తుంది. మోకాలు చూసి పంపేయరు. బీపీ, షుగరు ఎలా ఉన్నాయి, మనసు బాగుందా అని తొమ్మిది ప్రశ్నల కాగితం, 45 దాటితే పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష జరిగిందా, టీకాలు పడ్డాయా, ఇవన్నీ ఆ ఒక్క విజిట్‌లోనే అడుగుతారు. ఆవిడ కూతురు కడుపుతో ఉంటే చూసేదీ, మనవడికి టీకా వేయించేదీ అదే డాక్టరు. జబ్బు రాకముందే మనిషిని వెంబడించడమనే అలవాటు నాకు ఇక్కడికొచ్చాకే పట్టుబడింది.

పాలకొల్లు ప్రాక్టీషనర్
నేను ఒప్పుకోనండీ. అమ్మాయి కుటుంబ వైద్యం నేర్చుకుంటానంటోంది. కుటుంబం ఎక్కడుందో వైద్యం అక్కడే నేర్చుకోవాలి కదా?

మా దగ్గరికి వచ్చే మనిషిని చెబుతాను, ఇలాంటివాళ్ళు మా వైపు ఊరూరా ఉంటారు. రొయ్యల చెరువు మీద కాపలా పని. కాలికి పుండు, మానడం లేదు. షుగరు బాగా ఎక్కువ. మాత్రలు వాడుతున్నావా అంటే వాడుతున్నానంటాడు. నిదానంగా కూర్చోబెట్టి అడిగితే తేలేదేమిటంటే, తెల్లారకుండా మేత వేయడానికి వెళ్ళేటప్పుడు ఏమీ తినడు, మాత్ర వేస్తే కళ్ళు తిరుగుతున్నాయి, అందుకని మానేశాడు. భార్య కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళింది. పిల్లలు ముసలమ్మ దగ్గర. ఇన్సులిన్ మొదలుపెడితే పొడిచేదెవరు, పెట్టే చోటేది, ఫ్రిజ్ ఉందా? ఇవి తెలియకుండా రాసే చీటీ చిత్తుకాగితమే. ఈ ప్రశ్నలు అడగడం అమెరికా క్లినిక్‌లో ఎలా నేర్పుతారు? అక్కడ నేర్చుకునేది వాళ్ళ ఇన్సూరెన్సు కష్టాలు.

పాము కరిచి వచ్చినవాడి రక్తం గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా చూసి విషానికి విరుగుడు సీరం మొదలుపెట్టడం, బోదకాలు ఉన్న పెద్దావిడకి రోజూ కాలు కడిగి తుడుచుకోవడం దగ్గరుండి చూపించడం, వానాకాలం పొలంలో దిగి జ్వరంతో వచ్చిన కూలీ కళ్ళు పచ్చబడ్డాయేమో చూడడం మన డెల్టాలో కుటుంబ వైద్యుడి పని.

ఇంకో మాట. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్ళు రెండేళ్ళు సొంత దేశానికి తిరిగి వెళ్ళాలి. అది తప్పించుకోవాలంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తామని ఒప్పుకోవాలి. అంటే వాళ్ళ పల్లెలకి డాక్టర్లు లేక మన పిల్లల్ని పెట్టుకుంటున్నారు. మన లంకలకీ డాక్టర్లు లేరు. ఇది నాకు మింగుడు పడదు.

రాజోలు అమ్మ
డాక్టర్లు పెద్ద విషయాలు మాట్లాడుకుంటున్నారు. నాది చిన్న విషయం, కానీ డబ్బుకి సంబంధించింది. మా అమ్మాయికి ఒక ఏజెన్సీవాళ్ళు "ఎలెక్టివ్" అని చెప్పి లక్షల్లో కట్టించుకున్నారు. తీరా వెళ్తే అది ఒక ప్రైవేటు క్లినిక్కు. మూల నిలబెట్టారు. పేషెంటును ముట్టుకోనివ్వలేదు. ఇచ్చిన ఉత్తరం ఏ యూనివర్సిటీదీ కాదు. డబ్బు కట్టకముందే అడగమ్మా: ఇది మెడికల్ కాలేజీ విభాగమేనా, పేషెంటుని నేనే పరీక్ష చేయొచ్చా, ఉత్తరం ఎవరి పేరు మీద వస్తుంది. ఈ మూడింటికీ రాతలో జవాబు రాకపోతే తోట కాగితాలు బీరువాలోంచి తియ్యొద్దని నాన్నకి చెప్పు.

భీమవరం అబ్బాయి
రాజోలు అమ్మగారు చెప్పింది అక్షరాలా పాటించు. ఇంకోటి కలుపుతాను. అక్కడి మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో జీతం లేకుండా నీ చదువులో భాగంగా చేసే ఎలెక్టివ్‌కి బి-1 వీసా ఉంది. టూరిస్టుగా వచ్చెయ్యి, తర్వాత చూసుకుందాం అనేవాడి మాట వినకు.

తిబిలిసి తెలుగు
అన్నయ్యా, నేను జార్జియా దేశంలో మెడిసిన్ నాలుగో సంవత్సరం. మాది తణుకు. నాలాంటివాళ్ళు కూడా ఇలా అమెరికాలో ఎలెక్టివ్ చేయొచ్చా? లేదా సెలవుల్లో కాకినాడలో చేసినా లెక్కలోకి వస్తుందా?

లంకల డ్యూటీ (పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్)
తమ్ముడూ, నువ్వు జాగ్రత్తగా ఉండాలి. 2021 నవంబర్ 18 తర్వాత చేరినవాళ్ళకి ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధన ప్రకారం 54 నెలల కోర్సూ, తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్పూ అదే విదేశీ కాలేజీలో పూర్తి కావాలి. శిక్షణలో ఏ భాగమూ ఇండియాలో గానీ మూడో దేశంలో గానీ చేయకూడదు. అమెరికా ఎలెక్టివ్‌ని నీ కోర్సులో భాగంగా చూపిస్తే రేపు ఇక్కడ రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోవచ్చు. సెలవుల్లో ఊరొచ్చి మా ఓపీలో కూర్చుని చూస్తానంటే సంతోషం, రా. దాన్ని శిక్షణగా ఎక్కడా రాయించుకోకు.

ఇక అసలు చర్చ. పాలకొల్లు డాక్టరు గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, వారు సగమే చెప్పారు. రోగాలు ఇక్కడే ఉన్నాయి, కుటుంబాలూ ఇక్కడే ఉన్నాయి, నిజమే. నేర్పేవాడు ఏడి? సోమవారం పొద్దున నా ఓపీ చూడండి. వరండా నిండిపోయి మెట్ల మీద కూర్చుంటారు. మనిషికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. మెడికో వచ్చి నా పక్కన కూర్చుంటే వాడు నేర్చుకునేది వేగంగా చీటీ రాయడం. వాడు తీసుకున్న హిస్టరీ విని, "ఇంట్లో వంట ఎవరు చేస్తారో అడిగావా?" అని వెనక్కి పంపేంత తీరిక నాకు లేదు. భీమవరం డాక్టరు గారు చెప్పినదాంట్లో నాకు అసూయ కలిగించింది అదొక్కటే. స్టూడెంటు చెప్పేది కూర్చుని వినే టీచరు. ఆ నాలుగు వారాల ఖరీదంతా అక్కడే ఉంది.

మన ఎంబీబీఎస్‌లో కమ్యూనిటీ మెడిసిన్ ఉంది, ఫ్యామిలీ మెడిసిన్ అని విడిగా సబ్జెక్టు లేదు. డీఎన్‌బీ అనే పీజీ చదువులో మూడేళ్ళ కోర్సు ఉంది, కోళికోడ్ ప్రభుత్వ కాలేజీలో ఎండీ కూడా పెట్టారు. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఈ కోర్సును ప్రోత్సహించమంది. మన జిల్లాల్లో ఎంబీబీఎస్ కుర్రాడికి మాత్రం ఇదొక స్పెషాలిటీ అని కూడా తెలియదు.

అయినా అవకాశం లేదని నేననను. 2019 పాఠ్యప్రణాళికలోనే ఎలెక్టివ్‌లు వచ్చాయి. చాలామంది పిల్లలు ఆ రోజుల్ని పీజీ ఎంట్రన్స్ చదువుకి వాడేసుకుంటున్నారు, కాలేజీలూ చూసీ చూడనట్టు వదిలేస్తున్నాయి. నాకు ఇది చాలా బాధ. 2023 ఏప్రిల్ 6న రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకరు ఓపీలో ఉంటే మరొకరు 104 బండితో ఊళ్ళకి, ఒక్కో ఊరికి నెలకి రెండుసార్లు వెళ్ళాలన్నది అప్పుడు పెట్టిన పద్ధతి. ఓపీలో లేని తీరిక ఆ ఊరి విజిట్‌లో కొంత దొరుకుతుంది, ఎందుకంటే మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి నడిచి వెళ్తాం, దారిలో మాట్లాడుకోవచ్చు. ఎలెక్టివ్ పెట్టాల్సింది అక్కడ. ముమ్మిడివరం, పి.గన్నవరం వైపు లంకల్లో ఆశా కార్యకర్తతో కలిసి నాలుగు ఇళ్ళు తిరిగితే ఏ పుస్తకమూ చెప్పనిది తెలుస్తుంది.

పాలకొల్లు ప్రాక్టీషనర్
నేర్పేవాడు లేడంటే ఎలా బాబూ, మేం లేమా? పాలకొల్లు, నరసాపురం, తణుకు, రావులపాలెం, ప్రతి ఊళ్ళోనూ మూడు తరాల్ని చూసిన డాక్టర్లున్నారు. ఏ కాలేజీ అయినా మమ్మల్ని పిలిచి "ఒక స్టూడెంటుని పంపుతాం, నేర్పండి" అన్నదా? అడిగితే రూపాయి తీసుకోకుండా నేర్పుతాం. సాయంత్రం ఓపీలో ఒక్కో పేషెంటుకి పావుగంట ఇచ్చే ఓపిక నాకు ఇంకా ఉంది. స్టూడెంటు చెప్పేది వింటాను, తప్పయితే మళ్ళీ పంపుతాను.

భీమవరం అబ్బాయి
సార్, మీలాంటివాళ్ళు ముందుకొస్తే అంతకంటే కావలసిందేముంది. జె-1 మాట కూడా కాదనను. నేను మూడేళ్ళు పనిచేసిన ఊరికి దగ్గరలో ఇంకో డాక్టరు లేడు. అక్కడి ముసలివాళ్ళు నన్ను సొంత మనిషిలా చూశారు, వాళ్ళకి చేసిన సేవ వృథా అని నేననుకోను. కానీ తిరిగి వస్తానంటే ఫ్యామిలీ ఫిజీషియన్ అనే పోస్టు మన జిల్లా ఆస్పత్రుల్లో ఎక్కడుందో చూపించండి. పిల్లని ఆపే ముందు అది అడగాలి.

లంకల డ్యూటీ
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు సార్.

కొబ్బరితోట
అందరికీ చాలా థాంక్సండీ. నాన్నకీ మావయ్యకీ మొత్తం చదివి వినిపించాను. తోట తాకట్టు వద్దని నేనే చెప్పాను. యూనివర్సిటీ ఫీజు, వీసా, అద్దె అన్నీ కలిపి లెక్క రాస్తున్నాం, చేతిలో ఉన్నదానితో కుదిరితేనే దరఖాస్తు. దానికంటే ముందు మా కాలేజీలో ఎలెక్టివ్ బ్లాకుని పీహెచ్‌సీ ఊరి విజిట్లకి, సాయంత్రం పాలకొల్లు డాక్టరు గారి ఓపీకి ఇమ్మని అడగబోతున్నాను. బయట ప్రాక్టీషనర్ దగ్గర చేయడానికి కాలేజీ ఒప్పుకుంటుందా? దరఖాస్తు ఎవరికి రాయాలి?

లంకల డ్యూటీ
కమ్యూనిటీ మెడిసిన్ విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గారికి రాయి, ప్రిన్సిపాల్ గారికి కాపీ పెట్టు. రోజూ ఏం చూస్తావు, ఎవరు సంతకం పెడతారు, లాగ్‌బుక్ ఎలా రాస్తావు అన్నది ఒక పేజీలో జతచెయ్యి. పీహెచ్‌సీ భాగానికి నేను సంతకం పెడతాను. జూలై, ఆగస్టు వద్దు, వరదొస్తే పడవల మీద మందుల పనే సరిపోతుంది, నీకు నేర్పే తీరిక ఉండదు. అమెరికా కాగితాలకి హెపటైటిస్ బి యాంటీబాడీ రిపోర్టు, టీబీ పరీక్ష, డీన్ ఉత్తరం అడుగుతారు, వాటి పని ఇప్పుడే మొదలుపెట్టు.

పాలకొల్లు ప్రాక్టీషనర్
నా సమ్మతి పత్రం రేపే రాసి ఉంచుతానమ్మా. సాయంత్రం ఐదింటికి రావాలి, ఆలస్యం చేయకూడదు.