గాడిలో లాగే సాన చాలదా? కత్తి కోసం రాయి నేర్చుకోవాల్సిందేనా?

కొత్తపదును

మా ఇంట్లో నాలుగేళ్ళుగా గాడిలో కత్తిని పెట్టి లాగే సాన వాడుతున్నాం. ఒక గాడిలో కార్బైడ్ బిళ్ళలు, రెండోదాంట్లో తెల్లటి సెరామిక్ కడ్డీలు. కొన్న కొత్తలో ఐదారుసార్లు లాగితే చాలు, కాగితం సర్రున తెగేది. ఇప్పుడు లాగిన రోజు బాగానే ఉంటోంది, మూడో రోజుకే మళ్ళీ మొద్దుబారుతోంది.

అంతకంటే నన్ను బాధపెడుతున్నది ఇంకొకటి. పెద్ద కత్తిని పలక మీద ఆనిస్తే పిడి దగ్గర సన్నని సందు కనిపిస్తోంది. అటువైపు వెలుతురు ఇటు వస్తోంది. అక్కడ తరిగిన ముక్కలు పూర్తిగా విడిపోక దండలా ఒకదాన్ని పట్టుకుని ఒకటి లేస్తున్నాయి. తప్పు సానదా, నా చేతిదా?

రాయి కొనుక్కోమని చాలామంది అంటున్నారు. కానీ కత్తి వాడేది నేనొక్కణ్ణే కాదు. అమ్మకు వేళ్ళ కీళ్ళ నొప్పులు, ఆవిడ రాయి మీద నూరలేదు. ఈమధ్య కానుకగా వచ్చిన పల్చటి జపనీస్ కత్తి కూడా ఒకటుంది. దాన్ని గాడిలో పెట్టడానికి మనసొప్పడం లేదు. రెండు పక్షాల వాళ్ళూ చెప్పండి.

సానరాయి

మీ చేతి తప్పు కాదండీ. ఆ సందు గాడి పెట్టిందే.

కార్బైడ్ గాడి కత్తిని నూరదు, గోకుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ ఉక్కు కంటే చాలా గట్టిది. రెండు బిళ్ళల మధ్య కత్తిని నొక్కి లాగితే అంచు నుంచి లోహం పెచ్చులుగా లేచివస్తుంది. ఈసారి లాగేటప్పుడు కింద తెల్ల కాగితం పరచండి, మెరిసే రజను మీకే కనిపిస్తుంది. (ఏ సాన వాడినా కత్తిని తడిగుడ్డతో తుడవకుండా తరగడం మొదలుపెట్టొద్దు.) పిడిని ఆనుకున్న చివరి భాగం గాడిలోకి దిగదు. దాని ముందున్న చోటు మీదే ప్రతిసారీ మొదటి బరువు పడుతుంది. దిగని చోటు ఎత్తుగా మిగిలి, పక్కచోటు అరిగి పల్లం పడింది. ఇంకో రెండేళ్ళు ఇలాగే లాగితే ఆ పల్లం కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

1000 నంబరు నీటిరాయి (నీళ్ళతో తడిపి నూరే రాయి, నంబరు పెరిగేకొద్దీ నునుపు) ఒక్కటి కొనండి. ఇంటికి అది చాలు. అంచుకు నొక్కులు పడితేనే 400 రాయి కావాలి. 3000, 6000 నునుపు కోసం, అవి తర్వాత చూసుకోవచ్చు.

పదినిమిషాలు

సానరాయి గారూ, మీరు చెప్పిన రజను నిజమే. కానీ ఇలాంటి సలహా విని రాయి కొన్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. నెలరోజులు ప్రయత్నించాను. ఒక్కో లాగుకు ఒక్కో కోణం వచ్చి, అంచు పదునెక్కకపోగా గుండ్రబడింది. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. రాయి నానబెట్టి, అరగంట నిలబడి, మళ్ళీ రాయినీ గట్టునీ కడిగే తీరిక నాకు లేదు.

పనికి అడ్డం పడేది మొద్దు కత్తే. అది ముక్కలోకి దిగదు, మనం గట్టిగా నొక్కుతాం, జారి వేలి మీదికి వస్తుంది. రాయి మీద ఏడాదికోసారి పదునెక్కే కత్తి కంటే, నెలకు రెండుసార్లు సెరామిక్ గాడిలో లాగిన కత్తి ఇంటికి మేలు. నేను కార్బైడ్ గాడి జోలికి పోను. సెరామిక్ గాడిలోనే, కత్తి బరువు తప్ప చేతి బరువు వేయకుండా, మూడు నాలుగుసార్లు లాగుతాను. ఆరేళ్ళయింది, నా కత్తికి పల్లం పడలేదు.

కొత్తపదును గారి అమ్మగారి సంగతి ఎవరూ పట్టించుకోకుండా రాయి, రాయి అనడం నాకు నచ్చలేదు.

ఉక్కుమాట

మీరిద్దరూ వేర్వేరు కత్తుల గురించి మాట్లాడుతున్నారు, అందుకే తెగడం లేదు.

మామూలు యూరోపియన్ తరహా వంటింటి కత్తుల ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో 56 నుంచి 58 దాకా ఉంటుంది, అంచు కోణం ఒక్కో వైపు దాదాపు 20 డిగ్రీలు. చాలా జపనీస్ కత్తులు 60, ఆపైన ఉంటాయి, కోణం 15 డిగ్రీల దాకా దిగుతుంది. మొదటి రకం ఉక్కు దెబ్బకు వంగుతుంది. రెండోది పట్టుగా నిలుస్తుంది కానీ పక్కనుంచి బలం పడితే చిట్లుతుంది. పదినిమిషాలు గారి పద్ధతి మొదటిదానికి నడుస్తుంది. రెండోదాన్ని కార్బైడ్ గాడిలో లాగితే అంచు సన్నసన్నగా విరుగుతుంది. ఒకవైపే వాలు ఉన్న జపనీస్ కత్తి అయితే ఏ గాడీ పనికిరాదు, గాడి రెండు వైపులా ఒకేలా అరగదీస్తుంది కాబట్టి.

పొడవాటి ఉక్కు కడ్డీ మీద దువ్వితే చాలదా అని ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. కడ్డీ వంగిన అంచును తిన్నగా నిలబెడుతుంది, అరిగినదాన్ని కొత్తగా పుట్టించదు. 2020లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు సైన్స్ పత్రికలో గడ్డం గీసే బ్లేడు మీద ఒక పరిశీలన ప్రచురించారు. ఉక్కు కంటే 50 రెట్లు మెత్తనైన వెంట్రుక కూడా బ్లేడు అంచును చిట్లించగలదని అందులో చూపించారు. అంచు వంగడమే కాదు, ముక్కలుగా ఊడుతుంది కూడా. ఊడిన చోట కడ్డీ చేసేదేమీ లేదు.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. కత్తి అరిగేకొద్దీ అంచు పైకి, అంటే మందంగా ఉన్న భాగంలోకి పోతుంది. గాడి అంచు కొసను మాత్రమే తాకుతుంది, దాని వెనకున్న మందాన్ని తగ్గించదు. అందుకే కొన్నేళ్ళకు కాగితం చక్కగా కోసే కత్తి కూడా గట్టి దుంపలో దూరక, దాన్ని మధ్యకు చీలుస్తుంది. అది పదును లోపం కాదు, మందం. దాన్ని రాయి మీద, కత్తిని ఇంకా వాలుగా పడుకోబెట్టి పల్చన చేయాల్సిందే.

సానరాయి

పదినిమిషాలు గారూ, అమ్మగారి మాట నేను వదిలేశాను, నిజమే. దానికి తర్వాత వస్తాను.

మూడో రోజుకే మొద్దుబారడం సంగతి ముందు. ఒక వైపు నూరుతుంటే లోహం సన్నని పొరలా అంచు దాటి అవతలికి మడత పడుతుంది. బర్ అంటారు దాన్ని. ఆ పొర ఊడకుండా మిగిలితే కత్తి మొదటిరోజు అద్భుతంగా తెగుతుంది. నాలుగు పూటలు తరిగేసరికి పొర వాలిపోతుంది. బొటనవేలిని కత్తి వీపు వైపు నుంచి అంచు బయటికి మెల్లగా జార్చండి, అంచు వెంబడి మాత్రం ఎప్పుడూ కాదు. గోరుకు ఏదో తట్టుకుంటున్నట్టు ఉంటే అదే. కార్బైడ్ గాడి ఈ పొరను బాగా పెంచుతుంది. రాయి మీద చివర్లో వైపులు మారుస్తూ, బరువు తగ్గిస్తూ నాలుగైదు లాగులు లాగితే పోతుంది. ఆ తర్వాత బల్ల మీద పరిచిన దినపత్రిక మీద అంచును వెనక్కి, వీపు వైపుకే, దువ్వండి.

కోణం నిలవదన్నారు. లెక్క ఉంది. కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లయితే వీపును రాయి నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తితే 15 డిగ్రీలు, 15 మిల్లీమీటర్లు ఎత్తితే 20 డిగ్రీలు. అంత ఎత్తు చెక్కముక్క పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి, పది నిమిషాల్లో చేయి ఆ ఎత్తును గుర్తుపెట్టుకుంటుంది. అంచుకు మార్కర్‌తో రంగు పూసి రెండు లాగులు లాగి చూడండి. రంగు కొసన మాత్రమే పోతే మీరు ఎక్కువ ఎత్తారు. పైన పోయి కొసన మిగిలితే తక్కువ ఎత్తారు. గుండ్రబడిన అంచుల్లో సగం ఈ చిన్న పరీక్షతో సరిపోయేవి.

పదినిమిషాలు

మార్కర్ సంగతి నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. జపనీస్ కత్తి విషయంలో ఉక్కుమాట గారి మాట ఒప్పుకుంటున్నాను, దాన్ని గాడికి దూరంగా ఉంచండి. కానీ మామూలు కత్తికి కోణం తప్పకుండా పట్టి ఉంచేది గాడే. కొత్త చేతికి అది చిన్న వరం కాదు. నా మాట మీద నేను నిలబడే ఉన్నాను.

కొత్తపదును

మూడు వారాలు ఆగి రాస్తున్నాను. మార్కర్ పరీక్ష మొదట గాడి మీదే చేశాను. పెద్ద కత్తికి రంగు అంచంతా సమంగా పోయింది. నాలుగేళ్ళు లాగీ లాగీ ఆ కోణమే దానికి పడిపోయినట్టుంది. పొర ఉందో లేదో గోటితో చూస్తే, ఉంది. కార్బైడ్ మానేసి, సెరామిక్‌లో తేలిగ్గా నాలుగుసార్లు లాగి, దినపత్రిక మీద దువ్వాను. పది రోజులు నిలిచింది. నాలుగేళ్ళలో ఇంత కాలం నిలవడం ఇదే మొదలు. అంటే మూడో రోజు గొడవకు రాయి అవసరం లేకపోయింది. కానీ పిడి దగ్గర సందు అలాగే ఉంది.

సానరాయి

సందుకు వేరే దారి లేదు. ఎత్తుగా మిగిలిన చివరి భాగాన్ని, మిగతా అంచును ఒకే గీతలోకి దించాలి. అంటే ముందు కత్తిని ముతక రాయి మీద నిలువుగా పెట్టి అరగదీసి, ఉన్న పదును కూడా పోగొట్టి, మళ్ళీ రెండు వైపులా వాలు పెట్టడం. 400 రాయి మీద చేతితో అయితే ఒక పూట పడుతుంది. నీళ్ళతో తిరిగే సాన చక్రం ఉన్నవాళ్ళకు ఒక్కసారి ఇచ్చెయ్యండి. పొడి చక్రం మీద మాత్రం వద్దు. కొస సన్నగా ఉంటుంది, క్షణంలో వేడెక్కి ఉక్కు బలం పోతుంది.

అమ్మగారి మాట. ఆవిడ చిన్న కత్తిని మీరు రెండు నెలలకోసారి రాయి మీద సరిచేసి ఇవ్వండి. మధ్యలో సెరామిక్ గాడి ఆవిడ దగ్గర ఉంచండి. పదినిమిషాలు గారి పద్ధతే, చేతి బరువు లేకుండా. ఆ గాడిని తీసేయమని నేనిక అనను.

కొత్తపదును

నిన్న చిన్న కత్తినే మొదట రాయి మీద పెట్టాను, నలభై నిమిషాలు పట్టింది. అమ్మ తరిగి చూసి, ఇన్నాళ్ళూ వేళ్ళ నొప్పి అనుకున్నదాంట్లో సగం కత్తిని నొక్కడం వల్లేనేమో అంది. రంపం పళ్ళ కత్తి ఇంకొకటి మిగిలింది. దాన్ని ఈ రాయి మీద పెట్టకూడదని మాత్రం తెలుసు. సన్నని గుండ్రటి సెరామిక్ కడ్డీతో పన్ను పన్నుకూ విడిగా, వాలు ఉన్న వైపు నుంచే రుద్దితే సరిపోతుందా? ఎవరైనా చేసి చూశారా?