కాన్వీ కోటగోడ లోపల పాత గెస్ట్‌హౌస్: అమ్మానాన్నలతో ఉండగలమా?

తూర్పుగాలి:
అందరికీ నమస్కారం. సెప్టెంబర్ మధ్యలో అమ్మానాన్న మాంచెస్టర్ వస్తున్నారు. రెండు రాత్రులు వాళ్ళని నార్త్ వేల్స్‌లో కాన్వీకి తీసుకెళ్దామని ఉంది. నాన్న ముప్పై ఏళ్ళు హిస్టరీ చెప్పి రిటైరయ్యారు, ఊరి చుట్టూ రాతిగోడ, పక్కన నీళ్ళు, మధ్యలో ఆ ఇళ్ళు ఉన్న ఫోటో వాట్సాప్‌లో పంపినప్పటి నుంచి రోజూ దాని గురించే అడుగుతున్నారు. గోడ లోపలే కొన్ని వందల ఏళ్ళ నాటి ఇల్లొకటి గెస్ట్‌హౌస్‌గా ఉంది, నల్లటి దూలాలు, ఒక పక్కకి వాలిన నేల, చిన్న గాజు పలకల కిటికీలు, చూడగానే నాన్న కోసమే కట్టారేమో అనిపించింది.

సమస్య అమ్మతో. పోయినేడు ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, మెట్లు ఎక్కగలదు కానీ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కుతుంది, దిగేటప్పుడు ఇంకా భయం. ఆ గెస్ట్‌హౌస్ వెబ్‌సైట్‌లో లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి అని ముందే రాశారు. మా ఆయన ఏమంటారంటే ఏటికి అవతల లిఫ్ట్ ఉన్న కొత్త హోటల్ తీసుకుని పగలంతా వచ్చి చూసి వెళ్దాం, అంతే కదా అని. మాట సబబుగానే ఉంది కానీ నాకు మనసొప్పడం లేదు. లోపల పడుకుంటే నిజంగా తేడా ఉంటుందా? అమ్మ ఆ గోడ ఎక్కగలదా? కారు ఎక్కడ పెట్టాలి? పైగా అమ్మ పూర్తి శాకాహారి, పొద్దున టిఫిన్ గురించి కూడా టెన్షన్. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మర్రిచెట్టునీడ:
లోపలే ఉండండి. కానీ గదిని చూసి తీసుకోండి, ఇంటిని చూసి కాదు.

నేను మూడుసార్లు వెళ్ళాను, రెండుసార్లు బయట ఉన్నాను, ఒకసారి లోపల. బయట ఉన్న రెండుసార్లూ నాకు గుర్తున్నవి పార్కింగ్ కోసం తిరగడం, కోట దగ్గర క్యూ, ఇరుకు ఫుట్‌పాత్ మీద జనం. లోపల ఉన్నప్పుడు మాత్రం సాయంత్రం ఆరు దాటాక టూరిస్టు బస్సులన్నీ వెళ్ళిపోయి వీధి ఖాళీ అయింది, రేవు గట్టు మీద మేమూ ఇంకో ఇద్దరూ తప్ప ఎవరూ లేరు. నీళ్ళు తీసిన వేళ, పడవలన్నీ ఇసుక మీద ఒరిగి పడున్నాయి, అరగంట మాట్లాడుకుంటూ కూర్చునే సరికి అవే పడవలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. మా మావయ్య ఇప్పటికీ ఆ సాయంత్రం గురించే చెప్తారు. ఏటికి అవతల హోటల్లో ఉంటే ఆ సమయానికి మేము డిన్నర్‌కి వెళ్ళిపోయేవాళ్ళం.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెప్తాను, మీరు చేయొద్దు. నీళ్ళు కనిపించే గది కావాలని పైకప్పు కింది గది తీసుకున్నాను, మా అత్తయ్యకి అరవై ఎనిమిది అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ మెట్లు ఎలా ఉన్నాయంటే, వందల ఏళ్ళ అడుగులకి ఒక్కో చెక్క మధ్యలో దోసిలిలా గుంట పడింది, ఏ రెండు మెట్లూ ఒకే ఎత్తులో లేవు, మలుపు దగ్గర లోపలివైపు పాదం సగమే పడుతుంది, పట్టుకోవడానికి గోడకి బిగించిన ఒక తాడు. ఎక్కేటప్పుడు ఏమీ అనిపించలేదు. పొద్దున దిగడానికి వచ్చి మొదటి మెట్టు మీదే నిలబడిపోయారు, చేతులు వణుకుతున్నాయి. చివరికి నేను ముందు, మా ఆయన వెనక, ఆవిడ కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ దిగారు. ఆ రోజంతా ఆవిడ ముఖంలో నవ్వు లేదు. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు, మెట్ల సంగతి బుక్ చేసేటప్పుడు వాళ్ళని అడగాల్సింది నేను.

అందుకని ఫోన్ చేసి ఇవి అడగండి: గది ఏ అంతస్తు, వీధి తలుపు దగ్గర ఎన్ని మెట్లు, టిఫిన్ గదికి మళ్ళీ మెట్లున్నాయా. అన్నిటికంటే ముఖ్యం స్నానాల గది. పాత ఇళ్ళలో చాలాచోట్ల బాత్‌టబ్ లోపలే షవర్ ఉంటుంది, ఆ టబ్ గట్టు దాటి కాలు పెట్టాలంటే మోకాలు ఆపరేషన్ అయినవాళ్ళకి మెట్లకన్నా కష్టం. వాళ్ళు లిఫ్ట్ పెట్టలేదేమని అనుకోకండి, ఇవి లిస్టెడ్ బిల్డింగులు, అంటే చట్టం కాపాడే పాత కట్టడాలు, కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి.

శాసనాలపిచ్చి:
మీ నాన్నగారి కోసం రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ఆయనకి ముందే ఒక మాట చెప్పి తీసుకెళ్ళండి, కోటా ఊరిగోడా ఒకే పని, ఒకే కాలం. వేల్స్ చివరి రాజు లెవెలిన్ 1282లో చనిపోయాక ఒకటో ఎడ్వర్డ్ 1283లో ఇక్కడ మొదలుపెట్టించాడు, 1287 కల్లా దాదాపు పూర్తయింది. మేస్త్రి ఆల్ప్స్ కొండల్లోని సవాయ్ నుంచి వచ్చిన జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్. కోటకీ గోడకీ కలిపి ఆ రోజుల్లో సుమారు 15,000 పౌండ్లు. గోడ 1.3 కిలోమీటర్లు, 21 బురుజులు, 3 ద్వారాలు, 1986లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. గోడ ఎక్కడానికి టికెట్ లేదు, కోటకి ఉంది.

అయితే నాకు ఆ గోడని చూసినప్పుడల్లా అందంతో పాటు ఇంకోటి కూడా తోస్తుంది. అది ఊళ్ళోవాళ్ళని కాపాడటానికి కట్టిందే, కానీ ఎవరి నుంచి అంటే ఆ నేల మీద పుట్టినవాళ్ళ నుంచి. లోపల ఇంగ్లిష్ వాళ్ళని తెచ్చి కాపురం పెట్టించారు. అక్కడ అంతకుముందే ఒక మఠం ఉండేది, వేల్స్‌వాళ్ళు గొప్పగా చెప్పుకునే పెద్ద లెవెలిన్‌ని (పైన చెప్పిన లెవెలిన్‌కి తాత) 1240లో అక్కడే పూడ్చారు. ఎడ్వర్డ్ ఆ సన్యాసుల్ని లోయలో పైకి మేనన్ అనే చోటికి పంపించేశాడు. వాళ్ళ గుడి మాత్రం మిగిలింది, ఇప్పుడు ఊరి మధ్యలో ఉన్న సెయింట్ మేరీ చర్చి అదే. మీ నాన్నగారు ముందు ఆ చర్చి ఆవరణలో కాసేపు కూర్చుని తర్వాత గోడ ఎక్కితే మొత్తం కథ అర్థమవుతుంది. 1401లో గుడ్ ఫ్రైడే రోజు కావలివాళ్ళు చర్చిలో ప్రార్థనలో ఉండగా ఇంగ్లిష్ రాజు మీద తిరగబడ్డ వేల్స్‌వాళ్ళు ట్యూడర్ అన్నదమ్ములు వడ్రంగుల వేషంలో మనుషుల్ని పంపి కోట పట్టుకున్నారు, అది కూడా ఈ చర్చి, కోట రెండూ చూసినవాళ్ళకే కళ్ళకి కడుతుంది.

గోడ మీద నడక గురించి: పొద్దున ఏడు లోపు వెళ్ళండి. పై మూల బురుజు వైపు బాగా ఏటవాలు, మెట్లు ఎత్తు, అక్కడి నుంచి ఊరి పలకరాళ్ళ కప్పులు, అవతల కోట 8 బురుజులు, ఏరు సముద్రంలో కలిసే చోటు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మీ అమ్మగారు ఎక్కొద్దు, నిజంగా చెప్తున్నాను, దిగేటప్పుడు పట్టు దొరకదు. ఆవిడకి రేవు గట్టు సమతలంగా ఉంటుంది, గోడని కింద నుంచి చూస్తూ నడవొచ్చు, బ్రిటన్‌లోకెల్లా చిన్నదని పేరున్న ఎర్ర రంగు బుల్లి ఇల్లు కూడా అక్కడే. వెడల్పు 1.8 మీటర్లు. అందులో చివరగా ఉన్న జాలరి ఆరడుగుల మూడంగుళాల మనిషి, 1900 దాకా ఉన్నాడు. మిల్ గేట్ వైపు గోడ బయటికి వరసగా పొడుచుకొచ్చిన 12 రాతి గూళ్ళు కనిపిస్తాయి, అవి మరుగుదొడ్లు, అప్పటి రాజోద్యోగుల కోసం. మీ నాన్నగారు అక్కడ కనీసం పావుగంట నిలబడతారు, తొందర పెట్టకండి.

ఇంకోటి. సాధారణంగా సెప్టెంబర్ 13న హనీ ఫెయిర్, ఎడ్వర్డ్ ఇచ్చిన హక్కు ప్రకారం ఇప్పటికీ హై స్ట్రీట్‌లో తేనె అమ్ముతారు. మీ తేదీలు అటూఇటూ జరుపుకోగలిగితే చూడండి, కానీ గదులు త్వరగా అయిపోతాయి.

నెమ్మదిగా_నడిచేవాడు:
కారు సంగతి. లోపలి వీధులు ఇరుకు, వన్‌వేలు, ద్వారాలు గుర్రపు బండ్ల కాలం నాటివి. సామాను గెస్ట్‌హౌస్ ముందు దింపి కారు పార్కింగ్‌లో పెట్టేయండి, రెండు రోజులు మళ్ళీ తీసే పని ఉండదు. ఎ55 హైవే మీద వస్తే ఏటి అడుగున సొరంగంలోంచి వెళ్తారు, ఊరికి తిరగాల్సిన జంక్షన్ దాటిపోతే చాలా దూరం పోతారు, ముందే చూసుకోండి. రోడ్డు మీద వెల్ష్ భాషలో అరవ్ అని రాసుంటుంది, నెమ్మదిగా అని అర్థం.

రైలైతే ఇంకా బాగుంటుంది, స్టేషన్ గోడ లోపలే. అది రిక్వెస్ట్ స్టాప్, దిగాలని గార్డుకి ముందే చెప్పాలి, ఎక్కాలంటే డ్రైవరుకి చెయ్యి ఊపాలి. ప్లాట్‌ఫాం చిన్నది కాబట్టి ఏ బోగీలో ఉండాలో కూడా గార్డునే అడగండి. ఇంజనీర్ స్టీఫెన్‌సన్ వేసిన రైలు వంతెన 1848ది, పక్కన ఇంకో ఇంజనీర్ టెల్ఫర్డ్ వేలాడే వంతెన 1826ది, రెండిటి స్తంభాలనీ కోట బురుజుల్లాగే కట్టారు.

టిఫిన్: శాకాహారం అని ముందు రోజే చెప్పండి, చాలాచోట్ల అలవాటే. ఒక్క జాగ్రత్త, లావర్‌బ్రెడ్ అని పెడతారు, అది సముద్రపు నాచు, శాకాహారమే, కానీ కొందరు బేకన్ వేయించిన కొవ్వులోనే వేయిస్తారు. వేరే పెనం మీద చేయమని అడగండి. గ్లామోర్గన్ సాసేజ్‌లో మాత్రం మాంసం ఉండదు, చీజూ, ఉల్లికాడల్లాంటి లీక్సూ. గుడ్డు కలుపుతారు, అమ్మగారు తినకపోతే అడిగి చూడండి.

సముద్రపు కాకులు తెల్లవారుజామునే మొదలుపెడతాయి, పాత కిటికీలకి ఒకటే అద్దం. చెవుల్లో పెట్టుకునేవి తీసుకెళ్ళండి.

తూర్పుగాలి:
ఎంత సాయం చేశారో చెప్పలేను. ఇవాళ ఫోన్ చేశాను. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక్కటే గది, వెనక పెరటి వైపు, చిన్నది, నీళ్ళు కనిపించవు, కానీ నడిచి వెళ్ళే షవర్, లోపలికి ఒక్క మెట్టు. రెండో అంతస్తులో ముందు గదికి ఏరు కనిపిస్తుంది, దానికి టబ్. నాన్నకి కిటికీలోంచి అది చూపించాలని నా ఆశ, అమ్మ కింద గదిలోనే ఉండాలి. ఏం చేయను?

మర్రిచెట్టునీడ:
రెండూ తీసుకోండి అమ్మా, డబ్బు వీలైతే. వాళ్ళిద్దరూ కింద, మీరిద్దరూ పైన. పొద్దున గోడ దిగి వచ్చాక నాన్నగారు మీ గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంటారు, అమ్మగారు కింద టీ తాగుతారు. రాత్రి దీపం వేసుకోకుండా ఆ మెట్లు ఎక్కనివ్వకండి ఆయన్ని కూడా.

తూర్పుగాలి:
రెండూ బుక్ చేసేశాను. 12, 13 రాత్రులు, తేనె సంత కలిసొచ్చేలా. మా ఆయన కూడా సరే అన్నారు, మెట్ల కథ చదివాక అమ్మ గది గురించి ఆయనే రెండోసారి ఫోన్ చేసి అడిగారు. షవర్‌లో కూర్చోవడానికి స్టూల్ పెడతామన్నారట. నాన్నకి ఇంకా చెప్పలేదు, ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారిలో చెప్తాను.